నాన్న కారుకు నాలుగు టైర్లు

కళ్ళజోళ్ళ షాపు మేడ మీద నుంచి
మార్చి 3

వదినకు,

నీ మరదలు బాగానే ఉంది, కాకపోతే మోచేతుల దాకా గ్రీజు. ఫోను చేద్దామంటే ముప్పై ఏళ్ళు బస్సు డిపో టైరు సెక్షన్‌లో గాలి కొట్టే మిషన్ పక్కన నిలబడి చెవులు పాడుచేసుకున్నావు. నేనొకటి అడిగితే నువ్వు "ఆఁ, ఇక్కడందరం బాగానే ఉన్నాం" అంటావు. అందుకే ఈ కాగితం.

నాన్న కారు స్టార్టయింది. అవును, ఆ కారే. తొమ్మిదేళ్ళుగా మా షెడ్డులో గుడ్డ కప్పుకుని పడి ఉన్నది, నాన్న నా పేర రాశాడని అన్నయ్య నాతో మాటలు మానేసింది దేనికోసమో ఆ కారే. మా వీధిలో ఒక మెకానిక్ ఉన్నాడు. ఏ పని చెప్పినా రేపంటాడని అందరూ ఆయన్ని రేపు మేస్త్రి అంటారు. ఎనిమిది నెలల రేపులయ్యాక మొన్న శనివారం ఇంజను పలికింది. షెడ్డులో గూళ్ళు పెట్టుకున్న పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. నేనూ మేస్త్రీ చేతులు పట్టుకుని గంతులేశాం. తరవాత ఇద్దరం సిగ్గుపడ్డాం.

ఇంకో సంగతి. నేను కారు నడపడం నేర్చుకున్నాను. యాభై రెండేళ్ళకు. పరీక్ష పెట్టినాయన కళ్ళజోడు మా షాపులో నేను అద్దాలు అరగదీసి ఇచ్చిందే, అయినా మొదటిసారి నన్ను ఫెయిల్ చేశాడు. రెండోసారి పాసయ్యాను.

ఇక అసలు విషయం. ఆ కారులో మీ ఇంటికి రావాలి. నూట నలభై కిలోమీటర్లు నేనే నడుపుకుంటూ వచ్చి, అన్నయ్యను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మీ ఊరంతా తిప్పాలి. మాట్లాడితే సరే, మాట్లాడకపోయినా పక్కన కూర్చుంటే చాలు. తొమ్మిదేళ్ళు చాలా ఎక్కువ వదినా. నాకిక ఓపిక లేదు.

అడ్డం పడింది టైర్లు. నిలబడి నిలబడి కింద పలకల్లా అయిపోయాయి, పక్కలన్నీ బీటలు. టైర్ల షాపాయన చుట్టూ తెల్లచార ఉన్న టైర్లు చూపించాడు. చూస్తే కళ్ళు తిప్పుకోలేం. మేస్త్రి ఏమో ఎవరిదో వ్యానుకు తీసినవి ఉన్నాయి, వేసేద్దామంటాడు. నువ్వే చెప్పాలి. అన్నయ్యకు మాత్రం ఒక్క ముక్క చెప్పకు.

నీ మరదలు

వంటింటి బల్ల దగ్గర నుంచి
మార్చి 11

మరదలికి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంతో, రెండోసారి ఒళ్ళు మండి. టైర్ల గురించి ఇంత రాసి సైజు రాయని మనిషిని నిన్నే చూశాను. పాత టైరు పక్కన అంకెలు పోతపోసి ఉంటాయి. బురద తుడిచి, ఆ అద్దాలు అరగదీసే కళ్ళతోనే చూసి రాయి. రిమ్ము వెడల్పు కొలిచి రాయి. చక్రం పూర్తిగా తిప్పినప్పుడు పైనున్న రేకుకూ టైరుకూ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయో అదీ రాయి. నీ వేళ్ళు కాదు, మేస్త్రి వేళ్ళు. నీవి అగ్గిపుల్లలు.

తెల్లచారలు చూసి మనసు పారేసుకోకు. అవి నిలబెట్టి ఫోటోలు తీయించుకునేవాళ్ళకు. నువ్వు నూట నలభై కిలోమీటర్లు నడపాలి. వ్యాను టైర్ల మాట ఆ మేస్త్రి మళ్ళీ ఎత్తితే నా పేరు చెప్పు. వాడిన టైరు ఎవరి కింద ఎన్ని గుంతలు తిన్నదో దానికే తెలియాలి.

ముఖ్యమైంది ఒకటి. ఏ టైరు చూసినా ముందు దాని పుట్టిన తేదీ చూడు. పక్కన చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తరవాత రెండూ సంవత్సరం. డిపోలో కొత్త సరుకు వస్తే నేను ముందు ఆ గడి మీదే వేలు పెట్టేదాన్ని. సరఫరా చేసేవాళ్ళు నన్ను చూస్తే పక్కకు తప్పుకునేవారు. పైన గీతలు కొత్తగా నిగనిగలాడుతున్నా రబ్బరు లోపల ముసలిదై ఉంటుంది. నడపని టైరు కూడా ముసలిదవుతుంది. ఇది నమ్మడానికి మనుషులకు చాలా కష్టం.

మీ అన్నయ్య బాగున్నాడు. పొద్దున ఒక గంట పేపరు, తరవాత ఇంట్లో బాగున్న వస్తువులన్నీ విప్పి బాగుచేయడం. నీ ఉత్తరం కుట్టు మిషన్ సొరుగులో పెట్టి తాళం వేశాను. కారు మాట నీ నోట విన్నాక నాకు మళ్ళీ ముప్పై ఏళ్ళ వయసొచ్చినట్టుంది. లైసెన్సు ఫోటో ఒకటి పంపు, నవ్వుకుంటాను.

నీ వదిన

షెడ్డులో, కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని
మార్చి 20

వదినకు,

అన్నీ కొలిచాను. సైజు అయిదు తొంభై, పదిహేను. రిమ్ము సన్నం, నాలుగంగుళాలు. రేకుకూ టైరుకూ మధ్య మేస్త్రి వేళ్ళు రెండు పడ్డాయి. మూడోది పెట్టబోతే ఇరుక్కుంది. తీయడానికి నూనె పోయాల్సి వచ్చింది. ఆ వేలు చూపించి పాపం రెండు రోజులు పని ఎగ్గొట్టాడు.

షాపాయనకు నాలుగంకెల సంగతి చెప్పి తేదీ చూపించమన్నాను. ఆయన నా వంక అదోలా చూశాడు. మా వదిన బస్సు డిపో టైరు సెక్షన్‌లో ముప్పై ఏళ్ళు చేసింది అన్నాను. లోపలికెళ్ళి వేరే సెట్టు పట్టుకొచ్చాడు. అంటే ముందు చూపించినవి ఏమిటో నువ్వే ఊహించుకో. నైలాన్ టైర్లయితే పాత కారుకు అచ్చం పాత పోలికే వస్తుందట, రేడియల్ అయితే రోడ్డును పట్టుకుని నడుస్తుందట. ఏది కావాలో మీ ఇష్టం అని చేతులు కట్టుకు కూర్చున్నాడు. తెల్లచారలు ఇంకోసారి చూసి వచ్చేశాను. కల్లోకి కూడా వచ్చాయి.

వదినా, నీకు ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. కారు నా పేర రాసిన రోజు నాన్నను అడిగాను, అన్నయ్య కదా చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం కడిగింది, తుడిచింది, తనకెందుకివ్వలేదని. నాన్న నవ్వి, "వాడికిస్తే గుడ్డ కప్పి దాచుకుంటాడు. నువ్వయితే ఎక్కి తిరుగుతావు" అన్నాడు.

నేనేం చేశాను? తొమ్మిదేళ్ళు గుడ్డ కప్పి దాచాను. అన్నయ్యది లాక్కున్నట్టు అనిపించేది. ఎక్కడానికి మొహం చెల్లేది కాదు. ఇటు నాన్న మాటా నిలబెట్టలేదు, అటు అన్నయ్యకూ ఇవ్వలేదు. నాన్న అలా అన్నాడని చెబితే అన్నయ్య మనసు ఇంకా విరుగుతుందని దాచాను. ఇప్పుడు నీకు చెప్పాక కాస్త తేలికైంది.

లైసెన్సు ఫోటో పంపుతున్నాను. దొంగలా పడ్డానని నాకు తెలుసు, నువ్వు చెప్పనక్కర్లేదు.

నీ మరదలు

వంటింటి బల్ల దగ్గర నుంచి
ఏప్రిల్ 2

మరదలికి,

గాభరా పడకుండా చదువు. మన గుట్టు రట్టయింది. ఎలాగో నాకు తెలియదు. నేను మాత్రం నోరు విప్పలేదు, ఒట్టు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాటి నుంచి మీ అన్నయ్య తీరు మారింది. పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం తింటూ, "ఆ కారుకు టైర్లు కావాలా?" అన్నాడు. తొమ్మిదేళ్ళలో మా ఇంట్లో ఆ కారు మాట వినపడడం అదే మొదలు. నా చేతిలో గరిటె జారిపోయింది.

ఇప్పుడు నేను నీ దగ్గర దాచింది చెబుతాను. మా మంచం కింద నాలుగు టైర్లున్నాయి. ఉన్నాయి అనకూడదు, ఉండేవి. మీ నాన్న పోవడానికి ఏడాది ముందు, కారు ఎలాగూ తనదేననుకుని మీ అన్నయ్య ఎక్కడెక్కడో వెతికి కొన్నాడు. అసలు కారుతో వచ్చిన గీతలే, అదే కంపెనీ. కారు నీకు వెళ్ళాక అమ్మేస్తాడనుకున్నాను. అమ్మలేదు. నెలనెలా బయటికి తీసి పౌడరు రాసి, ఒక చోటే ఒత్తుకోకుండా పావు చుట్టు తిప్పి, దుప్పటి చుట్టి మళ్ళీ లోపలికి తోసేవాడు. మా పెళ్ళిలో పెట్టిన దుప్పట్లు అవి. ఎదురుగా కూర్చుని తిప్పుతుంటే చూసేదాన్ని. ఆ మనిషికి ఆ పని కావాలని నాకు తెలుసు.

నిన్న ఆ నాలుగూ లారీకి ఎక్కించి నీకు పంపేశాడు. లారీ వెళ్ళాక గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. లోపలికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇక నా బాధ విను. అవి వేసుకోకు. వాటికి పదేళ్ళు నిండాయి. డిపోలో అలాంటిదాన్ని నేను చక్రం దాకా రానిచ్చేదాన్ని కాదు. చూడడానికి ముద్దొస్తాయి. ఎండలో ముప్పై కిలోమీటర్లు తిరిగి వేడెక్కితే లోపలి పొరలు విడిపోతాయి. నీకు లైసెన్సు వచ్చి రెండు నెలలు కాలేదు. కానీ వద్దని తిప్పి పంపావో, ఆ మనిషి ఇక ఈ జన్మకు నోరు విప్పడు. ఏం చేస్తావో నాకు తెలియదు. ఏదో ఒక నేర్పు చూపించు. వేసుకున్నానని చెప్పి వేరేవి కొనుక్కున్నా నేను తప్పు పట్టను. నేను చెప్పానని మాత్రం చెప్పకు.

మోకాలు నొప్పిగా ఉంది. కవరు మీ అన్నయ్యకే ఇచ్చి పోస్టులో వేయిస్తున్నాను.

నీ వదిన

కళ్ళజోళ్ళ షాపు మేడ మీద నుంచి
ఏప్రిల్ 9

వదినకు,

నీ ఉత్తరం ముందొచ్చింది, టైర్లు నిన్న వచ్చాయి. దుప్పట్లు ఒక్కొక్కటే విప్పాను. పౌడరు వాసన, కింద నల్లగా మెరిసే రబ్బరు, మీద చిన్న గుడ్డపేలికలతో కట్టిన, అన్నయ్య దస్తూరీలో ఉన్న చీటీలు. ముందు ఎడమ. ముందు కుడి. వెనక ఎడమ. వెనక కుడి. ఏది ఎక్కడికి వెళ్ళాలో పదేళ్ళ క్రితమే రాసిపెట్టుకున్నాడు. నేను షెడ్డులో నేల మీద కూర్చుని బాగా ఏడ్చాను. నాలుగు టైర్ల లోపలా చెయ్యి పెట్టి తడిమాను, ఏదైనా ఉత్తరం పెట్టాడేమోనని. పౌడరు తప్ప ఏమీ దొరకలేదు.

మేస్త్రి వాటిని చూసి చేతులు జోడించాడు. ఇలాంటి సరుకు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుందని జాకీ తెచ్చేశాడు. జీవితంలో మొదటిసారి రేపనలేదు. వెంటనే వేసేద్దామన్నాడు. ఒక్క గంట నాకూ వేయించేయాలనిపించింది. అన్నయ్య పంపాడు, అన్నయ్య చుట్టిన టైర్ల మీదే అన్నయ్య దగ్గరికి వెళతాను, ఇంకేం కావాలి అనుకున్నాను.

తరవాత మా షాపు భూతద్దం తెచ్చాను. గీతల అడుగున చూశాను. వెంట్రుక అంత బీటలు, ఒకటి కాదు, వరసగా. గోరు నొక్కితే దిగలేదు. నాలుగంకెల గడి కూడా చూశాను. నువ్వు చెప్పిందే. పావు చుట్టు తిప్పినా, పౌడరు రాసినా వయసు ఆగలేదు.

వేసుకున్నానని రాసి వేరేవి కొనుక్కోమన్నావు. పొద్దుటి నుంచి ఆ అబద్ధాన్ని నాలుగు రకాలుగా రాసి చూసుకున్నాను. ప్రతిదీ బాగానే కుదిరింది. అదే భయం వేసింది. నాన్న మాట దాచి తొమ్మిదేళ్ళు పోగొట్టుకున్నాను. ఇప్పుడు మళ్ళీ ఇంకోటి దాచి, ఆ కారులో అన్నయ్య పక్కన కూర్చుని నవ్వనా? నా వల్ల కాదు వదినా. అన్నయ్యకే రాస్తున్నాను. నీ పేరు రాదులే. ఏమవుతుందో చూద్దాం.

నీ మరదలు

కళ్ళజోళ్ళ షాపు మేడ మీద నుంచి
ఏప్రిల్ 10

అన్నయ్యకు,

టైర్లు అందాయి. ఇన్నేళ్ళలో నాకు ఇంత సంతోషం కలిగించినవి ఇంకేవీ లేవు. ఇది ముందు చెప్పాలి.

రెండోది చెప్పడానికి భయంగా ఉంది. అవి కారుకు వేయడం లేదు. రబ్బరు ముసలిదైపోయింది అన్నయ్యా. నువ్వు చేయగలిగిందంతా చేశావు, దాని మీద ఒక్క మచ్చ లేదు. కానీ గీతల అడుగున బీటలున్నాయి, నేను భూతద్దంతో చూశాను. వాటి మీద నిన్ను కూర్చోబెట్టుకుని తిప్పే ధైర్యం నాకు లేదు. వేసుకున్నానని రాయొచ్చు. నీకు తెలియకపోవచ్చు. కానీ నాకు తెలుసు కదా.

ఇంకొకటి కూడా నేను దాచాను. కారు నీకిస్తే గుడ్డ కప్పి దాచుకుంటావని, నేనయితే ఎక్కి తిరుగుతానని నాన్న అన్నాడు. నీ మీద ప్రేమ లేక కాదు. కానీ నేను కూడా దాచుకునే కూర్చున్నాను. ఆ విధంగా నాన్న నా విషయంలో పప్పులో కాలేశాడు.

కారు నడపడం నేర్చుకున్నాను. మీ ఇంటికి వద్దామని ఉంది. నువ్వు పక్కన కూర్చోవాలని ఉంది. కోపం వస్తే రానీ, తిడుతూ అయినా ఒక ఉత్తరం రాయి. ఏ టైర్లు వేయమంటావో నువ్వే చెప్పు. నువ్వు చెప్పినవే వేస్తాను, కొత్తవైతే.

నీ చెల్లెలు

ఇంటి వరండా నుంచి
ఏప్రిల్ 17

చెల్లికి,

ముందు పనికొచ్చే మాటలు. తెల్లచారలు వద్దు. రేడియల్ తీసుకో. నూట అరవై అయిదు, పదిహేను. అంతకంటే వెడల్పు తీసుకున్నావో, మలుపులో రేకుకు రాసుకుంటుంది, ఆ మేస్త్రి వేలు ఇరుక్కున్నట్టు. మన రిమ్ములు పాతవి, ట్యూబులు వేయించు. స్టెప్నీతో కలిపి అయిదూ ఒకే రకం. రేడియల్ వేశాక నిలబడ్డ చోట స్టీరింగు బరువుగా ఉంటుంది. కంగారు పడకు, కాస్త కదిలించి తిప్పు.

మేస్త్రి వేలి సంగతి నాకెలా తెలుసని అడుగుతావేమో. నీ ఉత్తరాలన్నీ నేను చదివాను. పోస్టుమాన్ దగ్గర తీసుకునేది నేనే. కుట్టు మిషన్ సొరుగుకు తాళం బిగించింది కూడా నేనే, రెండో తాళంచెవి నా దగ్గరుంటుందని మీ వదినకు ఇప్పటికీ తట్టలేదు. వేసుకోవద్దని తను రాసిన కవరు నా చేతికే ఇచ్చింది. చదివి, మళ్ళీ అంటించి, పోస్టులో వేశాను. ఇది సిగ్గుపడాల్సిన పని. పడుతున్నాను.

నాన్న అన్న మాట నీ రెండో ఉత్తరంలో చదివాను. ఆ రోజు మంచం కిందికి వంగి ఆ నాలుగు మూటలూ చూశాను. పక్కింటివాళ్ళు కూడా చూడకుండా పదేళ్ళు దుప్పట్లో దాచినవాణ్ణి. నాన్న నన్ను సరిగ్గానే అంచనా వేశాడు. చాలాసేపు నవ్వొచ్చింది, తరవాత నవ్వు ఆగిపోయింది.

ఆ టైర్లు పనికిరావని నాకు తెలుసు చెల్లీ. టైరు సెక్షన్ మనిషితో ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, పుట్టిన తేదీ ఎక్కడుంటుందో తెలియదా? నీకు ఉత్తరం రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. చెల్లికి అని రాసి, అక్కడే ఆగిపోయేవాణ్ణి. తప్పు నాదని రాయడానికి చెయ్యి రాలేదు. టైర్లు లారీకి ఎక్కించడం తేలికనిపించింది.

పంపాక భయం పట్టుకుంది. నువ్వు మంచిదానివి, నన్ను బాధపెట్టకూడదని వేసుకున్నానని రాస్తావనుకున్నాను. నేను నమ్మినట్టు ఉండేవాణ్ణి. ఇద్దరం ఒకరి కోసం ఒకరం నటిస్తూ ఇంకో తొమ్మిదేళ్ళు లాగేసేవాళ్ళం. నిన్న నీ ఉత్తరం చదివి, వంటింట్లోకి వెళ్ళి మీ వదినకు గట్టిగా చదివి వినిపించాను. ఆవిడ చెవికి వినపడాలంటే వీధంతటికీ వినపడుతుంది. వినపడనీ అనుకున్నాను.

తప్పు నాది. ఇదిగో, రాశాను.

ఈ నెలాఖరు ఆదివారం రా. తెల్లవారాక బయలుదేరు, ఎండ ఎక్కక ముందు చేరతావు. దారిలో ఒకచోట ఆగి టైర్ల మీద చెయ్యి పెట్టి చూడు, మరీ వేడిగా ఉంటే పావుగంట కూర్చో. నేను పక్క సీట్లో కూర్చుంటాను. నోరు మూసుకుని కూర్చుంటానని మాత్రం మాట ఇవ్వలేను.

మా గేటుకు రెండు రెక్కలు. ఇన్నేళ్ళూ ఒకటే తెరుస్తున్నాం, మనుషులు పట్టేంత. నిన్న రెండో దానికి నూనె పోసి, తుప్పు గీకి, భుజం ఆనించి తెరిచాను. నాన్న కారు వెడల్పు నాకు గుర్తే. కొలిచి చూశాను, పడుతుంది.

నీ అన్నయ్య